పర్లాకిమిడిలో దివ్యాంగ పిల్లల బడి: పెంకా, స్లాబా?

కొండగాలి: మా బంధువు ఒకాయన ఒడిశాలోని పర్లాకిమిడికి నాలుగు కిలోమీటర్ల అవతల ఎకరంన్నర ఇస్తానన్నారు. చూపు, వినికిడి, నడక ఇబ్బందులున్న పిల్లల కోసం బడి కట్టాలని. పర్యావరణానికి భారం కాకుండా కడదామని నా ఉద్దేశం. గోడలు రాట్‌ట్రాప్ పద్ధతిలో. అంటే ఇటుకని నిలబెట్టి మధ్యలో బోలు వదలడం. కేరళలో లారీ బేకర్ అలాగే కట్టించారు. పావు వంతు ఇటుక మిగులుతుంది, ఆ బోలులో గాలి ఉండి గది వేడెక్కదు. పైన పెంకు. చెట్ల మధ్య ఏటి గులకరాళ్ల దారులు. ఏమంటారు?

మేస్త్రి గుణుపురం: పెంకేటండీ బాబూ! 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మర్చిపోనారా? తెల్లారి చూస్తే మా వీధిలో పెంకు అన్నది లేదు. స్లాబెయ్యండి. పునాది మూడడుగులు లేపండి, నీరు రాదు.

కొండగాలి: మే నెలలో స్లాబు కింద గంట కూర్చుని చూడండి మేస్త్రి గారూ.

పాతపట్నం కుర్రాడు: రేకులు చవక కదా?

బాబు వాళ్లమ్మ: చెవి మిషను పెట్టుకున్న పిల్లలుంటే రేకులు వద్దు తమ్ముడూ. టీచరు మాటతో పాటు వాన చప్పుడునీ మిషను పెద్దది చేస్తుంది.

కొండగాలి గారూ, గులకరాళ్ల మీద చక్రాల కుర్చీ ఎప్పుడైనా తోశారా? ముందు చక్రాలు మన అరచేతంత ఉంటాయి. దిగబడిపోతాయి. మీ దారి ఫోటోకి బావుంటుంది.

ఇక మూడడుగుల పునాదికి ర్యాంపు ఎంత పొడుగుండాలో లెక్కేశారా? అడుగు ఎత్తుకి పన్నెండడుగులు. మొత్తం ముప్పై ఆరు.

మేస్త్రి గుణుపురం: అంత అక్కర్లేదమ్మా. అడుగుకి ఆరేసి చాలు. మేం ఒక బ్యాంకుకి అలాగే కట్టినాం.

బాబు వాళ్లమ్మ: అలాంటి బ్యాంకు ర్యాంపు మీదే మావాడు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. తల వెనక నాలుగు కుట్లు. ‘చాలు’ అని ఎవరికి చాలిందో చెప్పండి.

మేస్త్రి గుణుపురం: నన్నంటారేటి? ఇంజనీరు గీసిందే కట్టినాం.

కొండగాలి: మళ్లీ ర్యాంపు దగ్గరే ఆగిపోయాం. అడిగింది పైకప్పు గురించి.

బాబు వాళ్లమ్మ: మీకు పైకప్పు. మాకు గుమ్మం. అసలు నాలుగు కిలోమీటర్ల అవతల ఎందుకండీ? మా వీధి చివర సర్కారు బడి ఉంది. మూడు మెట్లు. రోజూ ఇద్దరు పెద్ద పిల్లలు మావాణ్ణి ఎత్తుకెళ్తారు, వాళ్లు రాని రోజు బడి లేదు. ఆ మూడు మెట్లకి డబ్బుండదు, కొండ కింద తోటకి ఉంటుంది. మా పిల్లల్ని ఊరవతల పెట్టడానికి ఎంత చల్లటి గోడలు కడితే ఏం లాభం?

కొండగాలి: ఊరవతల పెట్టడం కాదమ్మా. మా చెల్లికి వినపడదు. మామూలు బడిలోనే వేశాం. ఐదేళ్లు వెనక బెంచీ. ఒక్క టీచరైనా సైగలు నేర్చుకోలేదు. ఇంట్లో మాది తెలుగు, బడిలో ఒడియా. పెదవులు చూసి మాట పట్టే పిల్ల ఏ భాష పెదవులు చూడాలి? తనలాంటి పిల్ల ఇంకొకతి పక్కనుంటే అలా మూగబోయేది కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రత్యేక బడికీ హక్కిచ్చింది.

బాబు వాళ్లమ్మ: దగ్గరి బడి గానీ, ప్రత్యేక బడి గానీ, ఆ పిల్లాడికి నచ్చింది. చట్టంలో ఉన్నది అదీ. ఒకటే కడితే నచ్చేదేంటి? మీ చెల్లి మాట విని బాధేసిందండీ. కానీ మావాడికి చెవులు బాగానే ఉన్నాయి. వాడికి కావాల్సింది ఆ వీధి స్నేహితులే.

పాతపట్నం కుర్రాడు: ఇద్దరూ కరెక్టే అనిపిస్తోంది.

మేస్త్రి గుణుపురం: అమ్మా, ఆ మెట్లు ఎత్తెంత?

బాబు వాళ్లమ్మ: ఒక్కోటీ ఏడంగుళాలు.

మేస్త్రి గుణుపురం: ఇరవయ్యొక్క అంగుళాలు. మీ లెక్కనే ఇరవయ్యొక్క అడుగులు. గేటు దాకా జాగా ఎంతుంది?

బాబు వాళ్లమ్మ: పద్దెనిమిదే.

మేస్త్రి గుణుపురం: గోడవారగా మలుపు తిప్పాల. మలుపు దగ్గర కుర్చీ తిరగడానికి ఐదడుగులు చదునుగా వదిలేద్దాం. ఆదివారం టేపు పట్టుకొస్తాను.

కొండగాలి: మరి నా ఎకరంన్నర సంగతి?