కాయిల్ మార్చినా పీ0303 పోవట్లేదు

ప్రశ్న: వీ8 పెట్రోల్ పికప్. ఐడిల్‌లో వణుకు, కోడ్ పీ0303 (మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా మండట్లేదని). మూడో సిలిండర్‌కి కొత్త కాయిల్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది) వేసినా అంతే. ఇక ఏం చూడాలి?

జవాబు 1: కాయిల్ కొనేముందే పక్కదానితో మార్చి చూడాల్సింది, సరే. ఇప్పుడు 3, 5 ప్లగ్‌లు అటూ ఇటూ మార్చండి. కోడ్ పీ0305కి మారితే ప్లగ్‌దే తప్పు. మారకపోతే ఇంజెక్టర్లతో (సిలిండర్‌కి ఇంధనం చిమ్మేవి) అదే పని. ప్లగ్ పింగాణీ మీద సన్నటి నల్లగీత కనిపిస్తే స్పార్క్ బయటికి లీకవుతున్నట్టే. ప్లగ్, రబ్బరు బూట్ రెండూ మార్చాలి.

జవాబు 2: ఇంజెక్టర్ జోలికెళ్లే ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడండి, అది తేలిక. ప్లగ్‌లన్నీ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఇంజిన్‌ని స్టార్టర్‌తో తిప్పండి. మూడోది బాగా తక్కువుంటే చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్ లేదా హెడ్ గాస్కెట్.

జవాబు 3: చెక్ ఇంజిన్ లైట్ మిణుకుతుంటే మాత్రం నడపొద్దు. కాలని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (పొగని శుభ్రం చేసే భాగం) మండి దాన్ని కరిగించేస్తుంది.