పొదిగిన తెల్లమట్టి ఊడి వస్తోంది, ఉపాయం చెప్పండి

అందరికీ నమస్తే. మావారి ఉద్యోగం వల్ల దక్షిణ కొరియాలోని ఇచోన్‌లో ఉంటున్నాం. మట్టిపాత్రలకు పేరున్న ఊరు కదా అని శని, ఆదివారాలు క్లాసుకి వెళ్తున్నాను. ఇప్పుడు 'సంగమ్' అనే పొదుగుడు పని దగ్గర ఇరుక్కుపోయాను. 12వ శతాబ్దంలో కొర్యో అనే పాత కొరియా రాజ్యపు పనివాళ్లు లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్రల మీద కొంగలు, మబ్బులు తీర్చిన పద్ధతి ఇది. మన బిద్రీలో వెండి పొదిగినట్టు, ఇక్కడ మట్టిలో మట్టి పొదుగుతారన్నమాట.

పాత్ర సగం ఆరి, గోటితో నొక్కితే గుర్తు పడేంత గట్టిపడ్డాక గీతలు చెక్కుతున్నాను. వాటిలో పల్చటి తెల్లమట్టి నింపి, కాస్త ఆరాక పైన మిగిలింది గీకేస్తున్నాను. నలుపు కావాల్సిన చోట ఎర్రమట్టి. అది కాలాక నల్లబడుతుంది, దాంతో ఏ పేచీ లేదు. టెన్షనంతా తెలుపుతోనే! గీత అంచు వెంబడి వెంట్రుకంత చీలిక వస్తోంది. మొన్న 800 డిగ్రీల మొదటి కాల్పు నుంచి తీసి తుడుస్తుంటే కొంగ మెడ మొత్తం పెళ్లలా ఊడి గుడ్డకి అంటుకుంది. గ్లేజు (పైన వేసే గాజులాంటి పూత) దాకా వెళ్లనే లేదు.

తెల్లమట్టి ఎక్కువ కుంచించుకుపోతోందని నా అనుమానం. అందులో పాత్ర మట్టే కొంత కలపాలా? ఒకేసారి కాకుండా రెండు మూడు పొరలుగా నింపాలా? లేక పాత్ర మరీ ఆరిపోయాక నింపుతున్నానా? మాస్టారు ఓపిగ్గానే చెబుతారు కానీ, ఆయన కొరియన్ నాకు సగమే అర్థమవుతుంది. స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాల్చే గట్టి మట్టిపాత్రలు) మీద ఇలా పొదిగే పని చేసినవాళ్లు ఉంటే కాస్త చెప్పండి, వచ్చే శనివారం మళ్లీ ఒక కొంగని చెక్కాలి.