డీబీఎస్ (మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్) అయ్యాక నాన్నగారికి తొందర ఎక్కువైంది. మీ ఇళ్లలో ఎలా ఉంది?

తెనాలిబాబు:
నాన్నగారికి 64 ఏళ్లు. పార్కిన్సన్స్ వచ్చి పదకొండేళ్లు. ఏడు నెలల క్రితం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టారు. వణుకు బాగా తగ్గింది, కాఫీ గ్లాసు తొణక్కుండా పట్టుకుంటున్నారు. గొడవంతా వేరేచోట. వంకాయల కోసం నాలుగు బళ్లు తిరిగే మనిషి, మొన్న ఎవరికీ చెప్పకుండా ప్లాటుకు అడ్వాన్సు ఇచ్చేశారు. అడిగితే "బాగుంది, ఇచ్చాను" అంటారు. ఆపరేషన్ వల్లేనంటారా?

పద్మ_వరంగల్:
ముందు మందుల చీటీ చూడండి. మా అత్తయ్యగారికి ప్రామిపెక్సోల్ అనే పార్కిన్సన్స్ మందు నడిచినన్నాళ్లూ ఫోన్లో రమ్మీయే. డబ్బు పోతున్నా ఆపలేదు. డాక్టరు మెల్లగా డోసు తగ్గించాక మానేశారు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి, ఒక్కసారిగా మానేస్తే ఇంకో తంటా.

న్యూరో_చదువరి:
మందు వల్ల వచ్చేదీ, డీబీఎస్ వల్ల వచ్చేదీ వేర్వేరు సంగతులు కావచ్చు. 2007లో మైకేల్ ఫ్రాంక్ బృందం 'సైన్స్' పత్రికలో వేసిన పరిశోధన సరిగ్గా దీని మీదే. జపనీస్ అక్షరాలు జంటలుగా చూపించి, ఏది ఎక్కువసార్లు గెలిపిస్తుందో రోగులకు నేర్పించారు. ఒకటి 80 శాతం, మరో జంటలోది 70 శాతం. తర్వాత ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే మామూలుగా ఎవరైనా కాస్త ఆగుతారు కదా. డీబీఎస్ ఆన్‌లో ఉన్నవాళ్లు ఆగకపోగా ఇంకా త్వరగా నొక్కేశారు. ఆఫ్ చేస్తే మళ్లీ ఆగారు. మందుల మీదున్నవాళ్లు ఆగగలిగారు, కానీ నష్టం నుంచి నేర్చుకోవడం తగ్గింది. రమ్మీ సంగతి విన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. సబ్‌థాలమిక్ న్యూక్లియస్ మెదడు లోతుల్లో ఉండే చిన్న భాగం. ఎటూ తేలనప్పుడు బ్రేకు వేసేది అదే. చాలామందికి కరెంటు పెట్టేదీ అక్కడే.

రిటైర్డ్_మాస్టారు:
అన్నీ కరెంటు మీదకు నెట్టకండి బాబూ. నాకూ డీబీఎస్ అయింది. ఏళ్ల తరబడి చొక్కా గుండీ పెట్టుకోలేని వాడికి చేతులు ఆడితే హుషారు రాదా? నేనూ స్కూటర్ కొన్నాను. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది.

పద్మ_వరంగల్:
స్కూటర్ వేరు, ప్లాటు వేరు మాస్టారూ :)

తెనాలిబాబు:
మరి ఆఫ్ చేయిస్తే?

న్యూరో_చదువరి:
వణుకు తిరిగొస్తుంది. అలా కాకుండా కరెంటు కొంచెం తగ్గించడమో, ఎలక్ట్రోడ్‌లో వేరే కాంటాక్టుకు (కరెంటు బయటికొచ్చే చోటుకు) మార్చడమో చేసి చూస్తారు. ప్రోగ్రామింగ్‌కు, అంటే ఆ సెట్టింగులు మార్పించడానికి, వెళ్లేటప్పుడు తేదీలు రాసుకుని వెళ్లండి.

తెనాలిబాబు:
రాశాను. సెట్టింగు పెంచింది మార్చి 6న, ప్లాటు మార్చి 19న. డోసు మాత్రం మారలేదు. సోమవారం అపాయింట్‌మెంట్ దొరికింది. ప్లాటు ఆయన సగం అడ్వాన్సు తిరిగిస్తానన్నాడు.