“ఏక” ఎవరి సొమ్ము?

ప్రొద్దుటూరు (అడిగినవారు):

సభ్యులందరికీ నమస్కారం. కడప జిల్లా పల్లెబడుల్లో చాలా ఏళ్లు సాంఘికశాస్త్రం చెప్పిన మా నాన్నగారి పాఠాల నోటుపుస్తకం ఒకటి, మొన్న బీరువా సర్దుతుంటే దొరికింది. అందులో ఈ వాక్యం ఉంది: “రాష్ట్రపతి ఎన్నిక నైష్పత్తిక ప్రాతినిధ్య సూత్రమును అనుసరించి, ఏక ……… పద్ధతిపై, రహస్య బ్యాలెట్టు ద్వారా జరుగవలెను.” చుక్కలు పెట్టినచోట కాగితాన్ని పురుగు తినేసింది. ఇది రాజ్యాంగం 55వ అధికరణంలోని మూడో క్లాజు అని నాకు తెలుసు. నాకు కావలసింది పోయిన మాటల వరుస మాత్రమే. ఆయన “ఏక ఓటు బదిలీ” అని రాశారా, “ఏక బదిలీ ఓటు” అని రాశారా? తరగతిలో ఈ వాక్యం దగ్గరికి రాగానే సుద్దముక్క బల్లమీద పెట్టి, “ఈ ‘ఏక’ ఎవరి సొమ్మురా?” అని అడిగేవారు. ప్రశ్న ఇప్పటికీ చెవిలో ఉంది, ఆయన చెప్పిన జవాబు మాత్రం సగమే గుర్తుంది.

రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా అన్న మాట మా ఊరి గ్రంథాలయంలో వచ్చినప్పుడు ఈ వాక్యం మళ్లీ మనసులో మెదిలింది. నియమాన్ని మార్చాలనేవారు ముందు ఉన్న నియమాన్ని మన భాషలో తప్పులేకుండా చదవగలగాలని నా నమ్మకం.

ఆదోని (విశ్రాంత తెలుగు పండితులు):

నాయనా, ఏ వరుసలో పెట్టినా అది చక్కని సమాసం కాదు. “ఏక” సంస్కృతం, “ఓటు” ఇంగ్లీషు, “బదిలీ” అరబ్బీలో పుట్టి ఉర్దూ దారిన మన కచేరీలకు వచ్చిన మాట. ఈ మూడింటినీ ఒకే తాడుకు కడితే అర్థం ఎటు లాగితే అటు పోతుంది. వైరి సమాసాన్ని మన పెద్దలు నిషేధించింది ఊరకే కాదు. “ఏక ఓటు” అన్నప్పుడు రెండు అచ్చుల మధ్య సంధి కుదరక నోరు తెరుచుకొని ఉండిపోవడం మీరే పలికి చూడండి. “ఒంటి ఓటు” అని ఉంటే ఏ అనుమానమూ లేకపోయేది. మీ నాన్నగారు మాటలు తూచి వాడిన మనిషిలా కనిపిస్తున్నారు కాబట్టి ఆయన “ఏక ఓటు” అని రాసి ఉండరనే అనుకుంటున్నాను.

గుంతకల్లు (రైల్వే ఉద్యోగి):

బదిలీ అనే మాటతోనే ముప్పై ఏళ్లు బతికినవాణ్ని కాబట్టి ఒక మాట చెప్తాను. “ఏక బదిలీ” అంటే మా కార్యాలయంలో ఎవరైనా ఒక్కసారి జరిగే బదిలీ అనే అనుకుంటారు. ఆ లెక్కన ఓటు ఒక అభ్యర్థి నుంచి ఇంకొకరికి ఒక్కసారి మాత్రమే పోతుందని అర్థం వస్తుంది. నియమం చెప్పేది కూడా అదే అయితే “ఏక బదిలీ ఓటు” అన్న వరుసే సరైనదవుతుంది.

కర్నూలు (న్యాయవాది):

గుంతకల్లు అన్నగారు సరిగ్గా చిక్కుముడి మీదే వేలు పెట్టారు, కాని నియమం చెప్పేది అది కాదు. ఒక్కొక్క ఓటరుకు ఉండేది ఒకే ఓటు, ఒకే బ్యాలెట్టు కాగితం. దానిమీద అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యతలు వేస్తారు. మొదటి లెక్కింపులో ఎవరికీ కోటా, అంటే సగానికి మించిన మద్దతు, దక్కకపోతే, అందరికన్నా తక్కువ వచ్చిన అభ్యర్థిని తప్పించి, అతని కాగితాలను వాటిమీది తరువాతి ప్రాధాన్యత ప్రకారం మిగిలినవారికి పంచుతారు. అలా పోయిన కాగితం, దాన్ని అందుకున్న అభ్యర్థి కూడా తప్పుకుంటే, మళ్లీ ఇంకొకరికి పోతుంది. ఓటు ఒకటే, బదిలీలు ఎన్నైనా కావచ్చు. కాబట్టి “ఏక” ఓటు సొమ్మే, బదిలీ సొమ్ము కాదు.

ఆదోని:

అమ్మా, న్యాయం మీరు చెప్పారు, భాష నేను చెప్తాను. “ప్రాధాన్యత” అనకండి. ప్రధానం నుంచి ప్రాధాన్యం వచ్చింది, అది అప్పటికే భావార్థకం. దానికి మళ్లీ “త” తగిలిస్తే చొక్కామీద చొక్కా తొడిగినట్టవుతుంది. మొదటి ప్రాధాన్యం, రెండో ప్రాధాన్యం అంటే చాలు.

అనంతపురం (చరిత్ర అధ్యాపకుడు):

ప్రాధాన్యం అనే అందాం. మా జిల్లావాళ్లకు ఈ “ఏక” వ్యాకరణం మాత్రమే కాదు, ఒక పాత గాయం. 1969లో జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయినప్పుడు జరిగిన ఎన్నికలో పదిహేనుమంది నిలబడ్డారు. మా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు కాంగ్రెసు అభ్యర్థి, వి.వి. గిరి గారు స్వతంత్ర అభ్యర్థి, సి.డి. దేశ్‌ముఖ్ గారు మూడోవారు. ఇందిరాగాంధీ “అంతరాత్మ ప్రబోధం” అన్నది అప్పుడే. మొదటి లెక్కింపులో గిరి గారికి 4,01,515, సంజీవరెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్ గారికి 1,12,769 విలువ గల ఓట్లు వచ్చాయి. గెలవడానికి 4,18,169 కావాలి, ఎవరికీ అంత రాలేదు. కిందివారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ కాగితాలు పంచుకుంటూ వచ్చాక గిరి గారు 4,20,077 దగ్గర, సంజీవరెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగారు.

ఆ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూడండి. బదిలీల వల్ల సంజీవరెడ్డి గారికి 91,879 వచ్చి చేరాయి, గిరి గారికి 18,562 మాత్రమే. బదిలీ మా మనిషి పక్షానే బలంగా నడిచింది, అయినా గిరి గారు కోటా దాటింది 1,908తో. పోటీలో పదిహేనుమంది ఉన్నప్పుడు ఒక కాగితం రెండుమూడు చేతులు మారే వీలుంది కాబట్టి, “ఒక్కసారి బదిలీ” అన్న అర్థం ఇక్కడే వీగిపోతుంది. ఇప్పటిదాకా రెండో ప్రాధాన్యం లెక్కించవలసి వచ్చిన రాష్ట్రపతి ఎన్నిక అదొక్కటే. ఎనిమిదేళ్లకు, 1977లో, మిగతా నామినేషన్లన్నీ తిరస్కరణకు గురై ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఒక “ఏక” దగ్గర ఓడి ఇంకో “ఏక” దగ్గర గెలిచారని మా ఊళ్లో పెద్దలు చెప్పుకొనేవారు.

కదిరి (ఉపాధ్యాయురాలు):

“బదిలీ”కి పుట్టిల్లు చెప్పిన పండితులుగారు దాని తోబుట్టువును మరిచారు. మన “బదులు” కూడా ఆ ఇంటి ఆడపడుచే. మా ఇళ్లలో చేబదులు అంటే వడ్డీ లేకుండా తీసుకొని, చేతిలో ఆడగానే తిరిగి ఇచ్చేది. ఓటు బదిలీ అలాంటిది కాదు. తప్పుకున్న అభ్యర్థి దగ్గరికి ఆ ఓటు తిరిగి రాదు. తెలుగులో ఈ నియమానికి కొత్త మాట కట్టేవారు ఈ తేడా తెలిసి కట్టాలి.

ఇంకొక సంగతి. అందరూ “ఏక ఓటు” అంటున్నారు కాని, ఒక్కొక్క ఓటు విలువ ఒకటి కాదు కదా. 1971 జనాభాను శాసనసభ స్థానాల సంఖ్యతో, ఆపైన వెయ్యితో భాగించి వచ్చినదే ఎమ్మెల్యే ఓటు విలువ. మన ఆంధ్రప్రదేశ్‌లో అది 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. సిక్కిం సభ్యుని ఏడును చూసినప్పుడల్లా మా కటారుపల్లె వేమన్న గుర్తొస్తాడు: “కొంచెముండుటెల్ల కొదువ గాదు.” కొండ అద్దంలో చిన్నదిగా కనిపించినా కొండే కదా.

ఆదోని:

అమ్మా, “కొదువ” అని రాశారు, మీ కదిరి వైపు జనం నోట నేను విన్నది “కొదవ”. వేమన పద్యాలను తాటాకుల నుంచి సేకరించి 1829లో అచ్చువేయించిన బ్రౌను దొర కడపలో ఉన్నప్పుడు చేసిన శ్రమంతా ఇలాంటి పాఠభేదాల మీదనే. వేమన నోట ఏది పలికిందో తేల్చకుండా ఆ పద్యాన్ని రాజ్యాంగం మీదికి తేవడం నాకు తొందరపాటనిపిస్తుంది.

కదిరి:

పండితులుగారూ, “వ” ముందున్నది ఉకారమైనా అకారమైనా ఆటవెలది గణం చెడదు, అర్థమూ మారదు. ఆ మాట నేను చెప్పింది సిక్కిం కోసం. ఇంత చిన్న విలువ కూడా లెక్కలోకి రావాలనే 55వ అధికరణం రాష్ట్రాల మధ్య “ఏకరూపత” అన్న మాట వాడింది. అక్కడ కూడా “ఏక” ఉందని గమనించండి. ఒకే కొలతతో కొలవాలని దాని భావం, అందరికీ ఒకే సంఖ్య ఇవ్వాలని కాదు.

అనంతపురం:

కదిరి అక్కగారు చెప్పిన 1971 దగ్గర ఒక్క క్షణం ఆగాలి. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడేదాకా ఆ పాత జనాభానే వాడాలని 84వ సవరణ చెప్పింది. జనాభాను అదుపు చేసుకున్న దక్షిణాది రాష్ట్రాలకు ఓటు విలువ తగ్గకుండా కాపాడుతున్నది ఆ గడువే. ఆ గడువు తీరాక మన ఎమ్మెల్యేల 175 ఓట్ల మొత్తం, అంటే ఇప్పటి 27,825, మిగతా దేశంతో పోలిస్తే ఎంత బరువు తూగుతుందన్నది నాకు ఆందోళన కలిగించే ప్రశ్న. రాష్ట్రపతి ఎన్నికకు సంస్కరణ అంటే నా దృష్టిలో మొదట చూడవలసింది అదే.

కర్నూలు:

నేను అలా అనుకోవడం లేదు. విలువల పట్టిక కన్నా ముందు ఎన్నికల గణాన్నే, అంటే ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలు మాత్రమే ఓటేసే ఏర్పాటునే, ప్రశ్నించాలి. రాజ్యాంగ సభలో కె.టి. షా గారు వయోజనులందరూ నేరుగా రాష్ట్రపతిని ఎన్నుకోవాలని ప్రతిపాదించారు, సభ ఒప్పుకోలేదు. రాష్ట్రపతికి గౌరవమే ఎక్కువ, పాలనాధికారం మంత్రిమండలిది కాబట్టి, దేశమంతా ఓటేసి పంపిన మనిషిని ఆ పీఠంమీద కూర్చోబెడితే ఇద్దరి మధ్య పేచీ వస్తుందన్నది నెహ్రూ గారి వాదన సారం. ఆ భయం తేలికైనది కాదని ఒప్పుకుంటాను.

అయితే మనం ఈ పద్ధతిని తెచ్చుకున్న ఐర్లండులో రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకుంటారు, అదీ ఈ “ఏక ఓటు” పద్ధతిలోనే. 1990లో అక్కడ మేరీ రాబిన్‌సన్ గారు మొదటి లెక్కింపులో రెండో స్థానంలో ఉండి, మూడో అభ్యర్థి ఓట్లు బదిలీ అయ్యాక గెలిచారు. అక్కడి రాష్ట్రపతికి కూడా అధికారాలు పరిమితమే, అయినా ప్రభుత్వం కుప్పకూలలేదు. రేపు మన దేశంలో 54, 55 అధికరణాలను మార్చాలన్నా, పార్లమెంటు ఆమోదంతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. ఆ సభల్లో మన భాషలో మాట్లాడేవారికి ఈ “ఏక” ఎక్కడ అతుకుతుందో తెలియకపోతే, గణాన్ని తీసేసే తొందరలో ప్రాధాన్యాల పద్ధతిని కూడా తీసేస్తారేమోనని నా బాధ. అది పోతే నూటికి ముప్పై ఓట్లు వచ్చిన మనిషి కూడా రాష్ట్రపతి కావచ్చు.

గుంతకల్లు:

అమ్మా, మరి “నైష్పత్తికం” సంగతేమిటి? ఉన్నది ఒకే కుర్చీ. ఒక్క కుర్చీని ఏ నిష్పత్తిలో పంచుతారు? మార్చేదే అయితే ముందు ఆ మాటను మార్చాలి.

కర్నూలు:

అన్నగారూ, ఈ చర్చలో నేను విన్న మంచి ప్రశ్న ఇదే. ఒకే పదవి ఉన్నప్పుడు అది నిష్పత్తి కాదు, సగానికి మించిన మద్దతును వెతికే పద్ధతి. తెలుగులోనే కాదు, మూలంలోనూ ఆ మాట అతకలేదు.

ప్రొద్దుటూరు:

మీ మాటలన్నీ చదివాక నాన్నగారి జవాబులోని మిగతా సగం గుర్తొచ్చింది. ఆయన మా తరగతికి నాయకుణ్ని ఇదే పద్ధతిలో ఎన్నిక చేయించారు. మేము 31 మందిమి, కోటా 16. చీటీమీద మూడు పేర్లు, పక్కన 1, 2, 3. ఒక్కొక్క చీటీకి ఒక్కొక్క వేరుశనగ కాయ బల్లమీద పెట్టి కుప్పలు పోశారు. మొదట 13, 11, 7. ఏడు కాయల కుప్పను చేత్తో తీసి, చీటీ చూసి ఒక్కొక్క కాయనే పక్క కుప్పలోకి జరిపారు. రెండు కాయలు మొదటి కుప్పకు పోయాయి, ఐదు కాయలు రెండో కుప్పకు. 15, 16. వెనక ఉన్నవాడు గెలిచాడు. అప్పుడు ఒక కాయను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకొని, “కుప్ప మారింది, కాయ మారిందా?” అని అడిగారు. కర్నూలు అక్కగారు చెప్పిందే ఆయన జవాబు.

అర్థం తేలింది. అక్షరం మాత్రం తేలలేదు. భూతద్దం పెట్టి చూస్తే, “ఏక” తర్వాత పురుగు తిన్న చోట పైన ఒక చిన్న తలకట్టులాంటి గీత మిగిలి ఉంది. అది బదిలీలోని “బ” అయి ఉంటుందా?

ఆదోని:

నాయనా, “బ”కు తలకట్టు లేదు, “ఓ”కు అసలే లేదు. ఆ గీత నిజంగా తలకట్టే అయితే నువ్వు అడిగిన రెండు వరుసలూ కావు. మీ నాన్నగారు “ఏక సంక్రమణ” అని సంస్కృతంలో నడిపించి ఉండాలి, “స”కు తలకట్టు ఉంది. నేను మొదటినుంచీ చెప్తున్నట్టు ఆయన వైరి సమాసం రాసే మనిషి కాదు.

కదిరి:

పాతవాళ్లు “ఓటు” అని కాక “వోటు” అని రాసేవారు. “వో” రాస్తే పైన మెలిక తిరుగుతుంది, అది అరిగిపోతే తలకట్టులాగే కనిపిస్తుంది. “ఏక వోటు” అంటే పండితులుగారికి నోరు తెరుచుకొని ఉండే బాధ కూడా తప్పుతుంది. తమ్ముడూ, ఆ పుస్తకంలో మరెక్కడైనా ఆయన “ఓటు” రాసిన చోటు ఉందేమో చూడు.

ప్రొద్దుటూరు:

చూశాను, అక్కా. పన్నెండో పుటలో “ఓటు” అని ఉంది, పంతొమ్మిదో పుటలో “వోటు” అని ఉంది. రెండూ ఆయన చేతిరాతే.