పాత ఇంటి వీధి తలుపును మంచానికి తలవైపు పెట్టుకోవచ్చా? మూడు వేలలో హెడ్‌బోర్డు మీద చర్చ

పర్లాకిమిడి కోడలు:
మా మంచానికి హెడ్‌బోర్డు లేదు. ఐదడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల పొడవు, గోడకు ఆనించి వేశాం. మావారు రోజూ కూర్చుని ఫోను చూసుకునే చోట సరిగ్గా తల ఆకారంలో కొబ్బరినూనె మరక. పైన డిస్టెంపర్ వేయిస్తే నెల తిరగకుండా మళ్ళీ తేలింది. శ్రీకాకుళంలో అడిగితే కుషన్ హెడ్‌బోర్డుకు పన్నెండు వేలు చెప్పారు, బండి కిరాయి వేరే. నేను పెట్టగలిగింది మూడు వేలు.

పాతపట్నంలో అమ్మమ్మగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు వీధి గుమ్మం తలుపు రెక్కలు రెండూ మావయ్య దాచి ఉంచారు. టేకు రెక్కలు. ఒక్కోటి ఆరున్నర అడుగుల ఎత్తు, ఇరవై ఒక్క అంగుళాల వెడల్పు, మీద ఆకుపచ్చ ఎనామెల్. వాటిని అడ్డంగా ఒకదానిపై ఒకటి పెట్టి గోడకు బిగించాలని నా ఆలోచన. మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "లక్ష్మీదేవి వచ్చే తలుపుకు వీపు ఆనించి పడుకుంటారా?" అని ఆవిడ ప్రశ్న. మీరేమంటారు? తలుపు వద్దంటే ఈ డబ్బులో ఇంకేమి దారి ఉంది?

బరంపురం పెద్దమ్మ:
అమ్మాయీ, పసుపు రాసి బొట్టు పెట్టేది గడపకు. తోరణం కట్టేది ద్వారబంధానికి. రెక్కలకు ఆ మర్యాద ఎప్పుడు జరిగింది? గాలికి కొట్టుకుంటే కాలితో తన్ని మూసేవాళ్ళం కూడా. మీ అత్తగారికి నా మాటగా చెప్పు.

గుణుపురం మాస్టారు:
పెద్దమ్మగారూ, మా ఇంట్లో దసరాకు తలుపు రెక్కలకు కూడా బొట్లు పెడతారు, కాబట్టి ఆ వాదన అందరి ఇళ్ళలో చెల్లదు. అది పక్కన పెడదాం. నా అభ్యంతరం వేరు. అమ్మాయికి కావలసింది గోడకు నూనె పట్టకుండా ఉండటం. దానికి తలుపెందుకు, రంగు డబ్బా చాలు.

డిస్టెంపర్ నూనెను పీల్చుకుంటుంది, అందుకే మరక పైకి వస్తోంది. ముందు సబ్బునీళ్ళతో జిడ్డు వదిలేలా కడిగి ఆరనివ్వాలి. ఊడివస్తున్న డిస్టెంపర్ గీకేసి ఒక పూత ఆయిల్ ప్రైమర్, ఆరాక రెండు పూతల ఎనామెల్. మంచం కన్నా చెరో ఆరంగుళాలు ఎక్కువ వెడల్పున, నేల నుంచి ఐదడుగుల ఎత్తున అంచులకు టేపు అంటించి దీర్ఘచతురస్రమో, పైన కమానో గీయించండి. ముదురు ఇటుక రంగు వేస్తే చూపరికి హెడ్‌బోర్డులాగే ఉంటుంది. నూనె పడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వెయ్యి రూపాయలు దాటదు. అద్దె ఇల్లయినా ఖాళీ చేసేటప్పుడు పైన సున్నం వేయించుకోవచ్చు.

రాయగడ ప్లైవుడ్:
ఎనామెల్ మీద సున్నం నిలవదు మాస్టారూ, పెచ్చులుగా రాలుతుంది. గరుకు కాగితం పట్టించి ప్రైమర్ కొట్టాకే మళ్ళీ రంగు. ఇక పాత చెక్క, పాత రంగు అంటూ తిప్పలెందుకు? ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటులో ఐదడుగుల బై రెండున్నర ముక్క హాయిగా వస్తుంది, మిగిలినదానితో వంటింట్లో అర చేయించుకోవచ్చు. మీద రెండంగుళాల ఫోము, దానిపై గుడ్డ లాగి వెనక స్టేపుల్ కొట్టేయడమే.

బరంపురం పెద్దమ్మ:
అర చేయించుకోమని చెప్పినప్పుడే మీది ప్లైవుడ్ దుకాణమని అర్థమైంది నాయనా. నూనె తల రోజూ ఆనితే ఆ గుడ్డ ఏమవుతుంది? గలీబు అయితే విప్పి ఉతుకుతాం, స్టేపుల్ కొట్టిన గుడ్డను ఎలా ఉతకాలి? పైగా వానాకాలం గోడ చెమ్మకు లోపల ఫోము ముక్కవాసన పడుతుంది.

కొరాపుట్ టీచరు:
అక్కా, ఉతికే గుడ్డే కావాలంటే గోడకు కర్ర కమ్మీ బిగించి దుప్పటి వేలాడదీయండి. మా వైపు కోట్‌పాడు నేత ఉంది. ఆల్ అనే చెట్టు వేరు బెరడుతో అద్దిన ఎరుపు, నూలుకు ముందు ఆముదం, పేడ, బూడిద పట్టించి తయారు చేస్తారు. భౌగోళిక గుర్తింపు వచ్చిన చేనేత. అయితే అసలు కోట్‌పాడు మూడు వేలలో ఆ కొలతకు రావడం కష్టం, వచ్చినా దాన్ని నూనె తలకు అడ్డం పెట్టడం నాకు మనసొప్పదు. మామూలు చేనేత దుప్పటి రెండు కొనుక్కుని మార్చుకోవడం మేలు.

ఇంకో మాట. సవర బొమ్మలు గోడమీద వేయించుకోవచ్చు కదా? ఎర్రమట్టి పూత మీద తెల్లని పిండి గీతలు, మంచం వెనక ఎంతో బాగుంటాయి.

గుమ్మ కొండలు:
మాది గుమ్మ దగ్గర సవర కుటుంబం. టీచరుగారూ, మీరు బొమ్మలంటున్నవాటిని మేము ఇడితాల్ అంటాం. ఇంట్లో జబ్బు చేసినప్పుడో, పంట చేతికి వచ్చినప్పుడో, చనిపోయిన పెద్దలను తలుచుకున్నప్పుడో గోడమీద వేసి, పూజారి పిలిస్తే వాళ్ళు వచ్చి అందులో ఉంటారని మా నమ్మకం. దాని ముందు నైవేద్యం పెడతాం. అలాంటిదాని కింద దిండు వేసుకుని పడుకోవడం మాకు నచ్చదు.

కొరాపుట్ టీచరు:
కానీ మీ చిత్రకారులే కాగితం మీద, కాన్వాసు మీద వేసి సంతలో అమ్ముతున్నారు కదా? వాళ్ళకు అది జీవనాధారం. కొనవద్దంటే నష్టం ఎవరికి?

గుమ్మ కొండలు:
కొనవద్దని అనలేదు. చెట్టు, నెమలి, నాట్యం చేసే మనుషులు వేసి అమ్మేది వేరు, కొనండి, ఎదురు గోడకు పెట్టుకోండి. పూజకు వేసే ఇడితాల్‌ను ఫోనులో చూసి ఎవరో పెయింటరు చేత మంచం వెనక దింపించవద్దు. వీధి తలుపు గురించి వాళ్ళ అత్తగారు అడిగిన ప్రశ్న లాంటిదే ఇదీ. ఆవిడ మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి.

నౌపడ లైను:
మా ఊరి రైలు ముచ్చట లేకుండా చర్చ ఎలా సాగుతుంది! నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు, 2011లో గుణుపురం దాకా బ్రాడ్‌గేజిగా మళ్ళీ మొదలైంది. ఆ పాత లైనులో పట్టాల కింద వేసిన చెక్క స్లీపర్లు దొరికితే హెడ్‌బోర్డుకు అంతకన్నా గట్టివి ఉండవు.

మేస్త్రి మేనల్లుడు:
స్లీపరు చెక్క వద్దు. వాన, చెదలు తట్టుకోవాలని చాలావాటికి క్రియోసోట్ అనే తారు నూనె పట్టించేవారు. ఎండకు ఆ వాసన ఇప్పటికీ వస్తుంది, ఒంటికి మంచిది కాదు. పడకగదిలో ముక్కు దగ్గర పెట్టుకోవలసిన వస్తువు కాదది. 2018 తిత్లీ తుపానుకు పడిన పనస చెట్ల పలకలు ఎవరి పెరట్లోనైనా మిగిలి ఉంటే అడగండి, అవి నయం.

ఇక చెల్లెమ్మ తలుపు సంగతి. నేను తలుపు వైపే. కానీ గోడకు బిగించకండి. ఆ కొలతలో అంగుళంపావు మందం టేకు రెక్క ఒక్కటే ఇరవై కిలోలు దాటుతుంది, రెండూ కలిపితే నలభై పైమాటే. పాత గోడల్లో ఇటుకకన్నా సున్నం ఎక్కువ, మేకుకు, ప్లగ్గుకు పట్టు దొరకదు. నిద్రపోయేవాళ్ళ తలల మీద అంత బరువు వేలాడదీయకూడదు. ఐదడుగుల ఎత్తున్న రెండు సాలువ కర్ర కాళ్ళు నేలమీద నిలపండి. రెక్కలు అడ్డంగా వాటికి బోల్టులతో బిగించండి. బరువంతా నేల మోస్తుంది. ముందుకు పడకుండా పైన రెండు ఎల్ క్లాంపులతో గోడకు కట్టేస్తే సరి. గోడకూ చెక్కకూ మధ్య అంగుళం ఖాళీ ఉంటుంది, వానాకాలం చెమ్మ అంటదు.

ఎత్తు ఇలా లెక్కవేయండి. పరుపు పైభాగం నేలకు ఇరవై రెండు అంగుళాలు ఉంటుందనుకుందాం. పరుపు వెనక దాగే చోట టేకు పెట్టడం వృథా, కాబట్టి రెక్కలను పద్దెనిమిది అంగుళాల నుంచి మొదలుపెట్టండి. రెండు రెక్కలు కలిసి నలభై రెండు అంగుళాలు, అరవైకి చేరుతుంది. మనిషి కూర్చుంటే తల పూర్తిగా చెక్కకే ఆనుతుంది. పొడవు డెబ్బై ఎనిమిది అంగుళాలు, మంచం అరవై, అంటే చెరో పక్క తొమ్మిది మిగులుతాయి. ఆ చోట చిన్న అర కొడితే ఫోను, నీళ్ళ చెంబు పెట్టుకోవచ్చు. గొళ్ళెం, గడియ, ఇత్తడి బుడిపెలు వీపుకు తగలకుండా పీకేయాలి. ఆ ఇత్తడి మావయ్యగారికే తిరిగి ఇచ్చేయండి.

అసలు భయపడవలసింది ఆ ఆకుపచ్చ రంగుకు. పాత పచ్చ, పసుపు ఎనామెళ్ళలో సీసం ఎక్కువగా ఉండేది. ఇళ్ళ రంగుల్లో సీసం పదిలక్షలకు 90 పాళ్ళు దాటకూడదన్న నిబంధన 2016లో చేశారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అమ్మమ్మగారి తలుపు రంగు అంతకుముందుదే కదా. పొడిగా గరుకు కాగితం పట్టించొద్దు, ఆ దుమ్ము ముఖ్యంగా పసిపిల్లలకు విషం. రంగు గట్టిగా ఉంటే కదపకుండా పైన రెండు పూతల పారదర్శక పాలిష్ వేయండి. పెచ్చులు లేస్తుంటే ఆరుబయట, తడిపి గీకండి, గీకినది ప్లాస్టిక్ సంచిలో కట్టి పారేయండి, పెరట్లో కలపొద్దు.

గుణుపురం మాస్టారు:
ఇంత శ్రమ చూశాక నా రంగు డబ్బా ఇంకా తేలిగ్గా కనిపిస్తోంది. మూడు వేలలో కాళ్ళు, బోల్టులు, పాలిష్, కూలీ అన్నీ వస్తాయా?

మేస్త్రి మేనల్లుడు:
కర్ర, కూలీ కలిపి రెండున్నర వేలకు నేనయితే ఒప్పుకుంటాను, చెక్క వాళ్ళదే కాబట్టి. పాలిష్ వాళ్ళే వేసుకోవాలి. మీ రంగు చవకే మాస్టారూ, కాదనను. కానీ చల్లని గోడకు వీపు ఆనించి ఎంతసేపు కూర్చుంటారు?

పర్లాకిమిడి కోడలు:
అందరికీ దండాలు. గుమ్మ కొండలు గారి మాట మా అత్తగారికి చదివి వినిపించాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వీధి వైపు ఉన్న ముఖం గోడ వైపు తిరగాలి, ఇంటి లోపలి ముఖమే మాకు ఆనాలి. లోపలి వైపు రంగు కూడా లేదు, ఉత్త వార్నిషే! మాస్టారుగారి ఎనామెల్ సంగతి మరచిపోలేదు, తలుపు వెనక గోడకు అదే వేయిస్తాం.

మేస్త్రి మేనల్లుడు:
భేష్. వెనక ముఖం రంగు మీద మాత్రం పాలిష్ మానకండి. రెక్కలు రాగానే గదిలోకి తేవద్దు. వరండాలో నల్ల కాగితం పరిచి, వాటిని రెండు ఇటుకల మీద వారం రోజులు ఉంచండి. కాగితం మీద పిండిలాంటి పొడి రాలితే లోపల పుచ్చు పురుగు బతికి ఉన్నట్టు. అప్పుడు ముందుగా మందు పెట్టించాలి, కాళ్ళు కోయించడం తర్వాత.