సమస్యాపూరణం: ‘నీటి చుక్క తగిలి నిప్పు పుట్టె’

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ప్రస్తావన: గ్రానైట్ శిలల పుట్టుక.

కొత్తకలం:
కుండలోన నున్న గుల్లసున్నమునందు
పోసినంత బుసలు పొంగి లేచె
చేయి కాలె నాకు చిన్ననాడొకసారి
నీటి చుక్క తగిలి నిప్పు పుట్టె

నిర్వాహకుడు: ధార చక్కగా ఉంది, యతులన్నీ కుదిరాయి. కానీ గ్రానైట్ ఊసే లేదు. మరోటి రాయండి.

గుట్టబాట:
గోలకొండ రాళ్ళ కొండల పుట్టుక
కోట్ల యేండ్ల నాటి మాట చెప్పె
పుడమి గుండెలోన పుష్కలముగ వేడి
నీటి చుక్క తగిలి నిప్పు పుట్టె

శిలాప్రియ: ఎత్తుగడ నాకెంతో నచ్చింది. హైదరాబాద్ చుట్టూ ఉన్న ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. రెండో పాదంలో ‘కో’కు ‘మా’ యతి చెల్లదు. ‘గురుతు చూపె’ అంటే సరిపోతుంది. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. వేడి పుష్కలంగా ఉంటే నీటితో పనేముంది? పొడి గ్రానైట్ కరగాలంటే సుమారు 950 డిగ్రీలు కావాలి. లోతులో ఒత్తిడి మీద నీరు కలిస్తే 700 లోపే కరగడం మొదలవుతుంది. శిలల శాస్త్రవేత్తలు టటిల్, బోవెన్ 1958లో ప్రచురించిన ప్రయోగాలు చూపింది ఇదే. సిలికాన్, ఆక్సిజన్ల గొలుసును నీరు తెంపుతుంది. కాబట్టి ‘పుడమి లోని వేడి పూర్తిగా చాలక’ అనండి. అప్పుడే సమస్యకు ప్రాణం వస్తుంది.

గుట్టబాట: సవరించుకున్నాను. ఒక్క పాదంతో పద్యం అర్థమే మారిపోయిందండీ! మీ పూరణ కూడా చూపండి.

శిలాప్రియ:
అడుగు పొరల నున్న యభ్రకమ్మున నీరు
వేడి తాకి వీడి వెలికి వచ్చె
కరుగనన్న శిలయె కరిగి పైపైకేగె
నీటి చుక్క తగిలి నిప్పు పుట్టె

కొత్తకలం: అభ్రకం రేకులు పొడిగానే ఉంటాయి కదండీ, నీరెక్కడిది?

శిలాప్రియ: తడిగా కనిపించదు. హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ల జంట) రూపంలో స్ఫటికంలోనే ఇమిడి ఉంటుంది, బరువులో సుమారు 4 శాతం. నల్ల అభ్రకం 800 డిగ్రీల ప్రాంతంలో విడిపోతుంది.

నిర్వాహకుడు: విడిపోయిన నీరు ఆవిరిగా బయటికి వస్తుందా?

శిలాప్రియ: రాదండీ, నేరుగా శిలారసంలోనే కలుస్తుంది. మంచి ప్రశ్న వేశారు, తప్పు నాదే. రెండో పాదాన్ని ‘వేడి తాకి రసము వెంట నడిచె’ అని మారుస్తున్నాను. ఆ రసం చల్లబడి స్ఫటికాలు కట్టేకొద్దీ మిగిలినదాంట్లో నీటి పాలు పెరుగుతుంది. గూడూరు గనుల్లో పలకలు పలకలుగా తీసిన అభ్రకం, అలా నీరెక్కువైన రసం గడ్డకట్టిన పెగ్మటైట్లలోదే, అంటే పెద్ద పెద్ద స్ఫటికాలున్న శిలల్లోదే.