ఈ వారం సమస్య: చెవిటివాడు నవ్వె చెప్పు కథకు

నిర్వాహకుడు (విజయనగరం): మూడులాంతర్ల దగ్గర టీ తాగుతుంటే ఒకాయన హాస్యకథ ఎత్తుకున్నాడు. పావుగంట చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. బల్ల చివర కూర్చున్న చెవిటి పెద్దాయన మాత్రం పొట్ట పట్టుకున్నాడు. ఎందుకని సైగ చేస్తే, చెప్పేవాడి మొహం చూపించాడు. ఇంటికి వచ్చేలోపు పాదం, అంటే పద్యంలో ఒక వరుస, తయారైంది. అదే చివరి పాదంగా పైన మూడు పాదాలు రాసి పద్యం పూరించండి. పై సంగతిని మాత్రం ఎవరూ పూరణలో వాడకండి, అది నాది.

బొబ్బిలి బావ: మొదటి బోణీ నాదే.

కొడుకు పంపినట్టి కొంటె ముచ్చట వచ్చె
సెల్లు తెరకు, చదివి చిత్తమలర,
పక్కవారు ఫోను పలకలేదని యన్న
చెవిటివాడు నవ్వె చెప్పు కథకు

పొందూరు నూలు: ధార బాగుంది బావా. 'సెల్లు'కి 'చిత్తమలర' జత కట్టడం ఇంకా బాగుంది, జీన్స్ మీద జరీ కండువాలాగ. కానీ చదివింది 'చదువు కథ' అవుతుంది. 'చెప్పు కథ' ఎలా అయింది?

బొబ్బిలి బావ: కొడుకు చెప్పదలచుకున్నదే పంపాడు. చెప్పడానికి నోరే ఉండాలా?

పొందూరు నూలు: సమస్యలోని మాటకి సమర్థన పద్యంలో ఉండాలి, పద్యం కింద కాదు. మీకిది అలవాటే. పోయినసారి 'చేప పంటితోడఁ జీరె నేసె' ఇస్తే ఏం చేశారు? నాగావళిలో చేపను పట్టి మగ్గం ఎక్కించారు! మా ఊళ్ళో వాలుగ చేప దవడ ఎముక వాడేది పత్తి శుభ్రం చేయడానికి. వడకడం ఆ తర్వాత, మగ్గం ఇంకా తర్వాత. అప్పుడూ కిందే సమర్థించుకున్నారు.

బొబ్బిలి బావ: ఆ పూరణకి పన్నెండు మంది భేష్ అన్నారు. మీ పూరణకి ఎంతమంది అన్నారో నేను చెప్పను.

నిర్వాహకుడు: చేప సంగతి మళ్ళీ ఎత్తొద్దు. ఆ గొడవకే రెండు రోజులు పోయాయి.

రాజాం మాష్టారు: నాదీ ఒకటి.

మామగారి ముందు మారాడరాదని
విననివాడు కూడా విన్నయట్లు
తలను నూపి, తుదకుఁ దాంబూలమునుఁ బట్టి
చెవిటివాడు నవ్వె చెప్పు కథకు

బొబ్బిలి బావ: ఏటి మాష్టారూ, 'కూడా'! రెండూ దీర్ఘాలే, అంటే రెండు గురువులు. గణం, అదే గురులఘువుల లెక్క, తప్పింది. ఇన్నేళ్ళు పిల్లలకి ఛందస్సు చెప్పిన చేత్తో!

రాజాం మాష్టారు: మనం మాట్లాడేది 'కూడా' అనే. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్వతాలపేటలో పుట్టారు. అలాంటి మా శ్రీకాకుళం జిల్లాలో వాడుక మాటకి వంక పెడతారా?

నిర్వాహకుడు: వాడుక భాష కావాలని పోరాడారు గానీ, గణం తప్పినా పరవాలేదని పంతులుగారు ఎప్పుడూ అనలేదు. అయినా 'మా జిల్లా' ఏమిటి? 2022 ఏప్రిల్ నుంచి రాజాం విజయనగరం జిల్లాలోకి వచ్చేసింది కదా. ఇప్పుడు మీ వాటా గిడుగు కాదు, గురజాడ. కన్యాశుల్కం 1892లో మొదటిసారి ఆడింది మా ఊళ్ళోనే.

రాజాం మాష్టారు: జిల్లా మారింది గానీ అభిమానం మారలేదు.

పొందూరు నూలు: ఆ గురువు సంగతి సరే, తాంబూలం ఎందుకొచ్చింది? 'తల'కి యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడు, కుదరాలని తెచ్చినట్టుంది. మూడో పాదంలో పని లేకుండా కూర్చుంది, పెళ్ళిలో తెలియని బంధువులాగ.

ఆమదాలవలస అమ్మాయి: అందరూ 'చెప్పు' అంటే 'చెప్పడం' అనే పట్టుకున్నారు!

గుడికి వచ్చి తిరిగి కొత్త జోడును వేసి
యొకటి తనది కాగ నొకటి పరుని
దౌట తెలియకుండఁ దానేగు దొరఁ గాంచి
చెవిటివాడు నవ్వె చెప్పు కథకు

నిర్వాహకుడు: ఓహో! చెప్పుల కథ! నేను పాదం ఇస్తున్నప్పుడు నాకే తట్టలేదు. తట్టినట్టు మాట్లాడదామనుకున్నాను గానీ, ఆడపిల్ల ముందు అబద్ధం ఎందుకు.

పొందూరు నూలు: ఇంకోటి చూశారా? 'పరునిదౌట' అనే మాట విరిగి, సగం ఒక పాదానికి, సగం ఇంకో పాదానికి వెళ్ళింది. చెప్పులూ అంతే, ఒక పాదానికి ఒకటి, ఇంకో పాదానికి పరాయిది! అమ్మాయ్, కావాలనే చేశావా?

ఆమదాలవలస అమ్మాయి: నిజం చెప్పాలంటే గణాలు కుదరక విరిచాను. కానీ మీరు చెప్పిన కారణం బాగుంది, అదే ఉంచండి.

బొబ్బిలి బావ: చూశారా, ఆ అమ్మాయి పద్యానికి ఆయనే కింద సమర్థన రాశారు! నాకైతే తప్పు, ఆమెకైతే శ్లేష.

పొందూరు నూలు: నీ పద్యంలో శ్లేష ఉంటే నీకూ రాసేవాణ్ణి బావా.

రాజాం మాష్టారు: ఆ దొర ఎవరమ్మా?

ఆమదాలవలస అమ్మాయి: మా నాన్నగారే మాష్టారూ. రథసప్తమికి అరసవల్లి వెళ్ళి, ఆ జనంలో నల్లదొకటి, గోధుమరంగుదొకటి వేసుకుని ఇంటిదాకా వచ్చేశారు. అరుగు మీద తాతయ్య ఉన్నారు. ఆయనకి వినికిడి లేదు, మిషను ఎప్పుడూ జేబులోనే. ఎవరూ ఏమీ చెప్పకుండానే కాళ్ళ వైపు చూపించి ఒకటే నవ్వు. నాన్నగారు ఇప్పటికీ ఆ రెండో కాలు చెప్పు వాడుతూనే ఉన్నారు.

నిర్వాహకుడు: ఈ వారం చెప్పులదండ ఆ అమ్మాయికే. అయ్యో, పూలదండ! అలవాటు లేని శ్లేష కదా.

రాజాం మాష్టారు: నా రెండో పాదం సవరించాను: 'విననివాడు తాను విన్నయట్లు'. ఇక గణాల టెన్షన్ లేదు.

పొందూరు నూలు: మరి తాంబూలం?

రాజాం మాష్టారు: తాంబూలం తియ్యను. అది మామగారు పెట్టింది.